ఎనిమిది దాకా లెక్కపెట్టండి

ప్రతి ఆగస్టులో, మా దగ్గర బడులకు వేసవి సెలవులున్నప్పుడు, మా జిల్లాలో కొత్త టీచర్లకి మూడు రోజుల శిక్షణ పెడతారు. అందులో ఒక గంట నాది. కార్యక్రమం కాగితంలో దానికి 'ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం కంప్యూటరులో చిన్న చిట్కాలు' అని పేరు పెట్టి, కింద ఇనామురా ఫుమియే అని నా పేరు వేస్తారు. ఆ రెండూ ఒకచోట చూస్తే నాతో పాతికేళ్ళు పనిచేసినవాళ్ళు పడీ పడీ నవ్వుతారు. యాభై ఏడేళ్ళు వచ్చేదాకా కంప్యూటరంటే నాకు గిట్టేది కాదు. మార్కులు ఎక్కించాల్సి వస్తే పక్క టీచర్ని బతిమాలుకుని, బదులుగా ఆవిడ బడి తోట డ్యూటీ నేను చేసేదాన్ని.

కొత్త టీచర్లు పెన్నులు తీసి కూర్చుంటారు. చిట్కాలు చెప్తాను. అవి పది నిమిషాల పని. అవి నాకెలా తెలిశాయో మాత్రం వాళ్ళకి చెప్పను. ఇక్కడ చెప్తున్నాను.

ముప్ఫై రెండేళ్ళు మామూలు బడుల్లో భాష చెప్పాను నేను. మా దగ్గర బదిలీ కాగితాలు మార్చి ఆఖర్లో వస్తాయి. చేతికొచ్చిన పది రోజులకి, ఏప్రిల్ ఒకటిన, కొత్త బళ్ళో నిలబడి నమస్కారం పెట్టాలి. ఆ ఏడు నా కాగితంలో కొండ అవతలి ప్రత్యేక పాఠశాల పేరుంది. పదవీ విరమణకి మూడేళ్ళుండగా నన్నెందుకు వేశారో వాళ్ళకే తెలియాలి. ఎందుకని అడగడం మాకు అలవాటు లేదు కాబట్టి అడగలేదు.

నా తరగతిలో ముగ్గురే పిల్లలు. వాళ్ళలో తొగాషి చియోరికి పద్నాలుగేళ్ళు. ఒంట్లో కండ అంతా ఏడాదికేడాది సన్నగిల్లిపోయే జబ్బు. మాట రాదు. తల దిండు ఆసరాతో నిలబడుతుంది. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే ఇంకా తన మాట వింటుంది. ఆ వేలు కూడా ఒకటి రెండేళ్ళకి మించి పనిచేయదని డాక్టరు రాసిన కాగితం ఫైల్లో ఉంది. అంటే ఆ అమ్మాయి ఏం చెప్పదల్చుకున్నా ఆ ఒకటి రెండేళ్ళలోనే చెప్పాలి. ఆ సంగతి మొదటి రోజునుంచీ నాకు తెలుసు. తెలియలేదని తప్పించుకునే దారి నాకు లేదు.

నాకు ముందు ఆ తరగతి చూసిన టీచరు కసుగా అనే కుర్రాడు. అతన్ని పడవెక్కి వెళ్ళాల్సిన ఒక దీవి బడికి వేశారు. మేమిద్దరం కలుసుకోలేదు. అతను ఫైలు అప్పగించి వెళ్ళిపోయాడు. చియోరి గురించి అందులో ఇలా ఉంది: 'కంప్యూటరుతో మాట్లాడుతుంది. విధానం విడిగా ఉంచాను.' ఆ విడిగా అన్నది ఎక్కడో ఆఫీసులో ఉంటుందిలే అనుకున్నాను.

వెళ్ళిపోయే టీచరు తను వాడిన కంప్యూటరును తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా చేసి తిరిగివ్వాలని మా దగ్గర నియమం. కసుగా కూడా అలాగే చేశాడు. పెట్టుకున్న అమరికలన్నీ చెరిపేసి, గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టి వెళ్ళాడు. ఆ సంచి జేబులో ఒక మడతపెట్టిన కాగితం దొరికింది. పైన, మా దగ్గర సంతకానికి బదులు వేసే పేరు ముద్ర, అతనిది ఉంది. వేరేవాళ్ళ ముద్ర ఉన్న కాగితం విప్పి చూడడం మా అమ్మ నాకు నేర్పలేదు. పాపం మరిచిపోయినట్టున్నాడు అనుకుని, అలాగే కవరులో పెట్టి, ఒక ఉత్తరం రాశాను. 'మీరు వదిలివెళ్ళిన దాన్ని భద్రంగా పంపుతున్నాను. కొత్త చోట ఆరోగ్యం జాగ్రత్త.' నా దస్తూరీ బాగుంటుంది. ఆ ఉత్తరం రాసి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు చియోరి ముందు కంప్యూటరు పెట్టాను. తన చెయ్యి తను ఎత్తుకోలేదు. మోచెయ్యి కింద తువ్వాలు మడిచి, చెయ్యి కీల మీద పెట్టాలి. వేలు మెల్లిగా జారి ఒక కీ మీద ఆగింది. తెర నిండా ఒకటే అక్షరం. అఅఅఅఅఅఅఅ అని వరసలు వరసలు. నొక్కిన వేలు పైకి తీయడానికి ఆమెకి చాలాసేపు పడుతుంది, ఈలోపు అక్షరం పడుతూనే ఉంటుంది. నేను చెరిపాను. మళ్ళీ అదే. చెరిపాను. ఆ తర్వాత ఆమె వేలు కుడివైపు చివరికి జరుపుకుని, అక్కడున్న ఒక పెద్ద కీ మీద పెట్టి, అలాగే నొక్కి ఉంచింది. ఏమీ పడలేదు. వేలు ఇరుక్కుపోయింది కాబోలని నేను మెత్తగా పట్టుకుని తీసి మళ్ళీ అక్షరాల మీద పెట్టాను. ఆమె నా వైపు చూసింది. మళ్ళీ వేలు అక్కడికే జరిపింది. మళ్ళీ తీశాను.

ఇది రోజూ జరిగింది. పెద్ద టీచర్ని, ఓర్పు గలదాన్ని, విసుక్కునేదాన్ని కాదు. "అక్కడ కాదమ్మా, ఇక్కడ" అని నవ్వుతూ తీసేదాన్ని. ఒక రెండుసార్లు నేను పక్క పిల్లాడి దగ్గరికి వెళ్ళొచ్చేసరికి కంప్యూటరు పీప్ అని అరిచి, తెర మీద ఏదో పెట్టె తెరుచుకుని ఉంది. అవునా కాదా అని అడుగుతోంది. ఏదో పాడైందని భయపడి కాదు మీద నొక్కేశాను. అప్పటికి ఆమె వేలు ఆ పెద్ద కీకి పైనే ఉన్న ఎంటర్ దాకా సగం దూరం వచ్చి ఉంది.

చియోరికి అవును కాదులు ఉన్నాయి. కళ్ళు మూస్తే అవును, తెరిచి ఉంచితే కాదు. కాని ప్రశ్న వేసేది ఎదుటివాళ్ళు. అడగాల్సిన ప్రశ్న నాకు తెలియదు. రాయాలని ఉందా అంటే మూసేది. అలసిపోయావా అంటే తెరిచి ఉంచేది. జూన్‌లో ఒకరోజు, పోయినేడు రాసింది అసలు కసుగాయేమోనని నాకు అనుమానం వచ్చి అడిగాను. "కసుగా టీచర్ నీ చెయ్యి పట్టుకునేవాడా?" కళ్ళు మూసింది. పట్టుకునేవాడు మరి, పట్టుకుని బల్ల మీద పెట్టందే చెయ్యి రాదు కదా. మూసిన కళ్ళు వెంటనే తెరిచి, రెప్ప వేయకుండా నన్నే చూస్తూ ఉండిపోయింది. నేను మొదటి జవాబు తీసుకుని, రెండోది వదిలేశాను.

వాళ్ళమ్మ మసుమి చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేసేది. శుక్రవారాలు పని సగం రోజే కాబట్టి కూతుర్ని తీసుకెళ్ళడానికి తనే వచ్చేది. చేతికి ఎప్పుడూ ఏదో ఒక పొట్లం. ఉప్పులో ఊరిన ముల్లంగో, ఉడకబెట్టిన పచ్చి సోయా కాయలో. మనిషి వంగి నమస్కారం పెట్టడం మొదలుపెడితే లేవదు.

"పోయినేడు ఇది రోజూ ఏదో ఒకటి చెప్పేదండీ" అంది ఒకసారి. "కసుగా టీచర్ అవన్నీ ప్రింటు తీసి నోటు పుస్తకంలో అంటించి పంపేవారు. అన్నం తింటూ చదువుకునేవాళ్ళం. ఈ ఏడు..." అని ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏదో నోరు జారాను టీచర్ గారూ. మీ పద్ధతి మీకుంటుంది. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదని చెప్పాను. అబద్ధం. చాలా అనుకున్నాను. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడితో నన్ను పోలుస్తోందా అని రెండు రోజులు లోపల ఉడికిపోయాను. కసుగాకి ఒక ఫోను కొడితే సరిపోయేది. కొత్త చోట సర్దుకుంటున్నవాణ్ణి పాత పని గురించి అడిగి ఇబ్బంది పెట్టకూడదని ఊరుకున్నాను. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, పాతికేళ్ళ పిల్లాణ్ణి నాకు తెలియదు చెప్పు అని అడగడానికి నాకు నోరు రాలేదు.

జూలైలో తల్లిదండ్రుల సమావేశం. చియోరి అక్కడే చక్రాల కుర్చీలో ఉంది. నేను ఎంత జాగ్రత్తగా మాటలు ఏరుకున్నానో ఇప్పటికీ గుర్తుంది.

"మసుమి గారూ, పోయినేడు నోటు పుస్తకంలో మాటలు... కసుగా గారు మంచి మనసుతోనే చేసి ఉంటారు. ఇలాంటి పిల్లల దగ్గర అది జరుగుతూ ఉంటుంది. పట్టుకున్న చెయ్యి తనకి తెలియకుండానే రాసేస్తుంది. మాటలు చియోరివి కాకపోవచ్చు. మిమ్మల్ని ఆశలో ఉంచడం నాకు న్యాయం అనిపించలేదు."

మసుమి లేచి వంగి, "చెప్పినందుకు కృతజ్ఞతలు టీచర్ గారూ" అంది. ఆమె చేతిలో నోటు పుస్తకాల సంచి ఉంది. నాకు చూపిద్దామని తెచ్చుకున్నట్టుంది. తెరవకుండానే తీసుకెళ్ళిపోయింది. చియోరి కళ్ళు తెరిచే ఉన్నాయి. గదిలోంచి కుర్చీ బయటికి తోసేదాకా తెరిచే ఉన్నాయి. కాదు, కాదు, కాదు అని ఆ పిల్ల అంతసేపు అరుస్తుంటే నేను వాళ్ళమ్మకి చెప్పులు అందించాను.

ఆ జూలై నివేదికలో 'భావం తెలియజేయాలన్న ప్రయత్నం కనిపించదు' అని నా చక్కటి దస్తూరీతో రాశాను.

జనవరిలో మంచు మీద జారి పడ్డాను. వాకిట్లో మంచు ఎత్తి పోస్తుంటే కాలు పట్టు తప్పింది. కుడి మణికట్టు విరిగి కట్టు వేశారు. కొత్త సంవత్సరం సెలవులైపోయి బడికొస్తే హాజరు కంప్యూటరులో ఎక్కించాలి. కట్టులోంచి బయటికి తొంగిచూస్తున్న ఒక్క వేలితో నొక్కడం మొదలుపెట్టాను. వేలు దిగుతుంది, లేవదు. తెర నిండా ఒకటే అక్షరం.

ఆఫీసులో సొనొదా అనే ఆవిడ ఉంది, పెద్దాచిన్నా లేకుండా అందర్నీ ఆటపట్టించే మనిషి. కుర్చీ జరుపుకుని వచ్చింది.

"మేడమ్, కీ పట్టుకుని వేలాడకండి. అది బస్సులో కడ్డీ కాదు."

"నా వేలు నా మాట వినట్లేదమ్మా."

"వినకపోతే కంప్యూటర్నే మాట వినమందాం. కుడిపక్క షిఫ్ట్ ఉంది చూడండి, ఎంటర్ కింద. దాన్ని నొక్కి వదలకుండా ఎనిమిది దాకా లెక్కపెట్టండి."

నొక్కాను. ఒకటి, రెండు అని సొనొదా పైకే లెక్కపెడుతోంది. ఐదు దగ్గరికి వచ్చింది. నా వేలు ఎక్కడుందో చూసుకున్నాను. కుడివైపు చివర, పెద్ద కీ. ఆరు, ఏడు, ఎనిమిది. పీప్ అని అరిచింది. పెట్టె తెరుచుకుంది.

"ఇప్పుడు పైనున్న ఎంటర్ కొట్టండి. అయిపోయింది. ఇక వేలు కీ మీద పెట్టి నిద్రపోయినా సరే, ఒక్క అక్షరమే పడుతుంది. ఎలా ఉంది? ఏంటి మేడమ్, చెయ్యి నొప్పిగా ఉందా? నీళ్ళు తేనా?"

నీళ్ళు తెచ్చింది. నేను తాగలేదు. ఆఫీసు ఫోనులో దీవి బడి నంబరు వెతికి పెట్టమన్నాను. అప్పటికి చియోరి నా తరగతికొచ్చి నూట నలభై ఏడు బడి రోజులు అయింది. ఫోను మోగుతుంటే హాజరు పుస్తకం ముందు పెట్టుకుని లెక్క వేసుకున్నాను.

కసుగా గొంతు నేననుకున్న దానికన్నా చిన్నపిల్లాడి గొంతులా ఉంది. నేను పేరు చెప్పగానే, "చియోరికి ఏమైంది?" అన్నాడు.

"ఏమీ కాలేదు. కుడి షిఫ్ట్ గురించి అడుగుదామని చేశాను."

"మీరు ఆ కాగితం చదవలేదా మేడమ్?"

"మీ ముద్ర ఉంది. నేను విప్పలేదు."

"ముద్ర... అది నేను రాశానని తెలియడానికి వేశానండీ. మీకోసమే రాశాను. మీరు తిరిగి పంపారు కదా. అంత మర్యాదగా ఉత్తరం రాసి. నా పద్ధతి అక్కర్లేదని నొప్పించకుండా చెప్తున్నారని అర్థం చేసుకున్నాను. మీకు అంత అనుభవం. ఇంతకన్నా మంచి దారే చూపించి ఉంటారనుకున్నా. ఫోన్ చేసి అడిగితే మీ పనిలో తలదూర్చినట్టుంటుందని..."

"అందులో ఏం రాశారు?"

కాగితం అతని బల్ల సొరుగులోనే ఉన్నట్టుంది, వెతుక్కోకుండానే చదివాడు. "ఒకటి, చెయ్యి బల్ల మీద పెట్టండి, మోచేతి కింద తువ్వాలు. రెండు, షిఫ్ట్ తనే నొక్కుకుంటుంది, ఎనిమిది దాకా లెక్కపెట్టండి, ఈలోపు వేలు తీయకండి. మూడు, ఒక్కో అక్షరానికి నిమిషం పడుతుంది, మీరు ఊహించి మాట పూర్తి చేయకండి. నాలుగు, తప్పు పడితే చెరపాలో వద్దో తననే అడగండి. ఇంతే మేడమ్."

ఇంతే. నాలుగు వరసలు. దీవిలో ఒకడు, కొండ అవతల ఒకతె, చేపల కోల్డ్ స్టోరేజీలో ఒకతె, ముగ్గురం ఒకరినొకరు ఇబ్బంది పెట్టకూడదని మర్యాదగా ఊరుకున్నాం. మా ముగ్గురి మధ్యా ఆ పిల్ల గొంతు నొక్కేశాం.

మధ్యాహ్నం తరగతికి వెళ్ళి, మిగతా ఇద్దరినీ సంగీతం గదికి పంపాను. ఎడమ చేత్తో చియోరి చెయ్యి బల్ల మీద పెట్టాను. తువ్వాలు మడిచి కింద సర్దాను.

"నీ ఇష్టం చియోరీ. నేను ముట్టుకోను."

ఆమె నన్ను చూసింది. నమ్మలేదు, నమ్మడానికి నేను ఏం చేశానని. వేలు కుడివైపుకి బయల్దేరింది. చేరింది. నొక్కింది. నేను లోపల లెక్కపెడుతున్నాను. ఆరు దగ్గర నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది, తీసేయడానికి. ఆ చేతిని తీసుకెళ్ళి నా తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. ఏడు. ఎనిమిది. పీప్. వేలు పైకి పాకి ఎంటర్ మీద పడింది.

తర్వాత ఇరవై మూడు నిమిషాలు పట్టింది. ఒక్కో అక్షరం ఒక్కటంటే ఒక్కటే పడింది. సంగీతం గదిలోంచి డప్పు చప్పుడు వస్తోంది. తెర మీద ఇలా ఉంది:

పోయినేడు నేనే రాశాను

నేను కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించాను. మా వాళ్ళు క్షమాపణ అలాగే చెప్తారు. ఎంతసేపు ఉన్నానో తెలియదు. తలెత్తేసరికి తెర మీద ఇంకో మాట ఉంది. అమ్మకి చెప్పండి.

మర్నాడు శుక్రవారం. నేను చెప్పలేదు, చియోరి చేతే చెప్పించాను. మసుమి పొట్లం పట్టుకుని నిలబడి ఆ వాక్యం మొత్తం పడేదాకా చూసింది. దగ్గరికి వెళ్ళి కూతురి చేతిని ఎవరైనా పట్టుకున్నారేమోనని కింద పైన చూసింది. నేను గోడకి ఆనుకుని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. కొట్టినా బాగుండేది.

వేలు ఆగలేదు. మళ్ళీ కదిలింది. అమ్మా నీళ్ళు వేడి.

"ఏ నీళ్ళురా?" అంది మసుమి. "తాగే నీళ్ళా?"

చియోరి కళ్ళు తెరిచే ఉంచింది. స్నానం, అని వేసింది.

మసుమి పొట్లం కింద పెట్టేసింది. "సెప్టెంబర్‌లో కొత్త హీటర్ పెట్టించామండీ" అంది నాతో, నేనేదో అడిగినట్టు. "చలికాలం వస్తోంది కదా అని ఎక్కువలో పెట్టాం. రోజూ సాయంత్రం తొట్టిలో నేనే దింపుతాను. ముఖం ఎర్రగా అయ్యేది. అబ్బ, దీనికి ఎంత హాయిగా ఉందో అనుకునేదాన్ని. వాళ్ళ నాన్నతో కూడా చెప్పేదాన్ని, చూడు ఎంత ఇష్టమో అని." కూతురి మోకాళ్ళ మీద తల పెట్టింది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ప్రతి సాయంత్రం. ఆ లెక్క మాత్రం నేను వేయలేదు. వేస్తే నేను మనిషిగా మిగలను.

ఆ తర్వాత పందొమ్మిది రోజులు చియోరి మాట్లాడింది. పెద్ద పెద్ద మాటలేమీ కాదు. కిటికీ తెర కొంచెం జరపండి. ముల్లంగి వాసన బాగుంది. పక్క తరగతి డప్పు తాళం తప్పుతోంది. మీరు కథ త్వరగా చదివేస్తున్నారు. ఒకరోజు నా కట్టు వైపు చాలాసేపు చూసి, దురద పెడుతోందా అని వేసింది. చచ్చేంత పెడుతోందని చెప్తే కళ్ళు మూసి తెరిచింది. ఆమె నవ్వు అదే. ప్రింటు తీసి నోటు పుస్తకంలో అంటించి రోజూ ఇంటికి పంపాను.

ఇరవయ్యో రోజు వేలు షిఫ్ట్ మీద ఐదు దాకా నిలిచి పక్కకి పడిపోయింది. మళ్ళీ పెట్టుకుంది. నాలుగు. ఈసారి నేను అడిగాను, నేను నొక్కనా అని. కళ్ళు మూసింది. నేనే నొక్కి, పెట్టె తెరిచి, ఎంటర్ కొట్టి, ఆమె వేలిని మొదటి అక్షరం మీద పెట్టాను. వేలు కీ మీద ఉంది. కీ కిందికి దిగలేదు. గంట కొట్టేదాకా ఇద్దరం ఆ కీనే చూస్తూ కూర్చున్నాం. ఆ వారంలోనే జ్వరం వచ్చి ఊపిరితిత్తులకి పట్టింది. మార్చి మొదటి వారంలో ఆసుపత్రిలో పోయింది.

దీవి నుంచి పడవలో కసుగా వచ్చాడు. నల్ల సూటు భుజాల దగ్గర వదులుగా ఉంది, ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టుంది. నాకు వంగి, "నేను ఫోన్ చేయాల్సింది" అన్నాడు. నేను వంగి, "నేను చేయాల్సింది" అన్నాను. మసుమి మా ఇద్దరికీ వంగి, "నేను నోరు తెరిచి అడగాల్సింది, మీ ఇద్దరికీ ఇబ్బంది కలిగించాను" అంది. చనిపోయిన పిల్ల ముందు ముగ్గురం నడుములు వంచి నిలబడ్డాం. అప్పుడు వచ్చింది నాకు కోపం, జీవితంలో ఎప్పుడూ రానంత కోపం. ఈ వంగడమే కదా దాని తొమ్మిది నెలలు మింగింది, ఇంకా వంగుతూనే ఉన్నామే అని.

శవపేటికలో చియోరి వస్తువులు ఏవైనా పెట్టుకోవచ్చన్నారు. మసుమి కీబోర్డు పెడతానంది. కాలనివి పెట్టకూడదని దహనశాల వాళ్ళు చెప్పారు. కసుగా జేబులోంచి ఆ మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. మసుమి దాన్ని చియోరి కుడిచేతి కింద పెట్టింది. నోటు పుస్తకాలు కూడా పెడతావా అని వాళ్ళాయన అడిగితే వద్దంది.

"పోయినేటివి జూలైలో బీరువాలో పడేశాను. మళ్ళీ తీయలేదు. ఇప్పుడు కూర్చుని చదవాలి."

ఆ నెలాఖరుకి, చియోరి లేదు కాబట్టి, కంప్యూటరు తిరిగివ్వమన్నారు. అమరికలన్నీ చెరిపేయాలి, నియమం. చెరిపాను. నాలుగు వరసలూ నా దస్తూరీతో రాసి, మడవకుండా, ముద్ర వేయకుండా, మూత మీద వెడల్పాటి టేపుతో అంటించాను. అంటించకూడదని సొనొదా అనలేదు. టేపు తనే తెచ్చిచ్చింది.

పదవీ విరమణ అయ్యాక శిక్షణలో ఒక గంట ఇమ్మని నేనే అడిగాను. అడగడం అలవాటు చేసుకుంటున్నాను. గంట మొదట్లోనే అందరి ముందూ కంప్యూటర్లు పెట్టి, కుడి షిఫ్ట్ నొక్కి ఎనిమిది దాకా లెక్కపెట్టమంటాను. వాళ్ళు నొక్కుతారు. నేను బల్లల మధ్య తిరుగుతూ, ఆరు దగ్గరికి రాగానే ఒక్కొక్కరి వేలు మెత్తగా పట్టుకుని తీసేస్తాను. "అక్కడ కాదమ్మా, ఇక్కడ" అని నవ్వుతాను. మొదటిసారి వాళ్ళూ నవ్వుతారు. రెండోసారి ముఖాలు చూసుకుంటారు. మూడోసారి ఎవరో ఒకరికి విసుగొస్తుంది.

పోయిన ఆగస్టులో మూడో వరసలో కూర్చున్న ఒకమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది. ముఖం ఎర్రబడింది.

"ఆగండి మేడమ్, ఇంకా రెండు సెకన్లే కదా. ఎందుకు తీసేస్తారు?"

మిగతావాళ్ళు ఆమె వైపు తిరిగారు, పెద్దావిడతో అలా మాట్లాడతారా అని. నేను ఆ అమ్మాయికి కృతజ్ఞతలు చెప్పి, అక్కణ్ణించి పాఠం మొదలుపెట్టాను. ఆ మాట అనడానికి ఆమెకి నోరుంది.